క్వార్టర్ల వంటింటిలో విద్యుత్ భద్రత ఎవరి బాధ్యత?

పాడైపోయిన 1,000 వాట్ల కరెంటు పొయ్యి స్థానంలో 2,000 వాట్ల ఇండక్షన్ స్టౌ తెచ్చి, అదే ప్లగ్గుకు తగిలించడం రైల్వే, తపాలా క్వార్టర్లలో నేడు తరచుగా కనిపిస్తున్నది. పొయ్యి మారింది గాని గోడలోని తీగ మారలేదు. ప్రమాదానికి మూలం ఇక్కడనే ఉన్నది.

లెక్క కష్టమైనది కాదు. 230 వోల్టుల సరఫరాపై పాత పొయ్యి సుమారు 4.3 ఆంపియర్ల కరెంటు తీసుకొనేది, కొత్తది 8.7 ఆంపియర్లు తీసుకొంటుంది. చిన్న సాకెట్టు సామర్థ్యం 6 ఆంపియర్లు మాత్రమే. కరెంటు రెట్టింపైతే అదే తీగలో పుట్టే వేడి నాలుగు రెట్లవుతుంది. స్క్రూ వదులుగా ఉన్నచోట ఇన్సులేషన్ కరిగి మంటలు లేవవచ్చు. ఎం.సి.బి. పదేపదే పడిపోతున్నదని తీగ మార్చకుండా పెద్ద ఎం.సి.బి. బిగించడం ఆ ప్రమాదాన్ని మరింత పెంచడమే.

నియమాలు లేకపోలేదు. వైరింగుకు ఐ.ఎస్. 732, ఎర్తింగుకు ఐ.ఎస్. 3043 అనే భారత ప్రమాణాలు ఉన్నవి. ప్రభుత్వ భవనాలలో పవర్ పాయింట్లకు 4 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ వేయడం వాడుకలో ఉన్న పద్ధతే. మూడు పిన్నుల ప్లగ్గులో ఎర్త్ పిన్ను మిగిలినవాటికంటె ముందుగా తగిలేటట్లు పొడవుగా ఉంటుంది. కాని గోడ వెనుక ఎర్త్ తీగయే లేనప్పుడు దానివల్ల ప్రయోజనమేమి? ఎం.సి.బి. తీగను కాపాడుతుంది. షాకు నుండి మనిషిని కాపాడడానికి 30 మిల్లీ ఆంపియర్ల ఆర్.సి.సి.బి. కావలెను. తడిచేతులతో పాత్రలు పట్టుకొనే వంటింటిలో అది విలాసవస్తువు కాదు.

ప్రమాదం జరిగితే, "ఉద్యోగి అనుమతి లేకుండా వాడుకొన్నాడు" అనే సమాధానం సిద్ధంగా ఉంటుంది. క్వార్టరు యాజమాన్యానిది. గోడలోని తీగ యాజమాన్యానిది. దానిని మార్చే అధికారమూ యాజమాన్యానిదే. మార్చే హక్కు లేని ఉద్యోగిపై మార్చలేదన్న నేరం మోపడం ఏమి న్యాయం?

కావున ప్రతి క్వార్టరు వంటింటికి డిస్ట్రిబ్యూషన్ బోర్డు నుండి ప్రత్యేక సర్క్యూట్, 16 ఆంపియర్ల సాకెట్టు, తీగకు తగిన ఎం.సి.బి., ఆర్.సి.సి.బి. అమర్చవలెనని, ఎర్తింగును నిర్ణీత కాలానికొకసారి పరీక్షించి ఫలితాన్ని కాలనీలో ప్రకటించవలెనని మేము కోరుతున్నాము. రైల్వేలో పి.ఎన్.ఎం. సమావేశాలలోను, తపాలా శాఖలో జె.సి.ఎం. సమావేశాలలోను ఈ కోర్కెను అజెండాలో చేర్పించవలెను.

మనవైపు కూడ కర్తవ్యం ఉన్నది. ఈ ఏర్పాట్లు జరిగేవరకు 1,200 వాట్లు మించిన స్టౌను చిన్న సాకెట్టుకు తగిలించరాదు. ఎక్స్‌టెన్షన్ బోర్డుపై వాడరాదు. ఎర్త్ తీగను నీటిగొట్టానికి చుట్టరాదు. ఫిర్యాదును నోటిమాటతో విడువక రిజిస్టరులో వ్రాయించి, దాని సంఖ్యను, తేదీని భద్రపరచుకొనవలెను. ప్రతి బ్రాంచి తన కాలనీలో ఎర్త్ లేని వంటిండ్ల జాబితాను తయారుచేసి, రానున్న సమావేశానికి ముందే డివిజన్ కార్యదర్శికి అందజేయవలెనని విజ్ఞప్తి చేస్తున్నాము. వ్రాతపూర్వకమైన జాబితా చేతిలో ఉన్నప్పుడే మన వాదానికి బలం చేకూరుతుంది.