కోడ్ చదివినందుకు మార్కులేవి?

ఎంటెక్ రెండో ఏడాదిలోకి రాగానే అందరిదీ ఒకటే ప్రశ్న: ‘ప్రాజెక్టు ఏంటి?’ మా మామయ్య దగ్గర్నుంచి ఇంటర్వ్యూ బోర్డు దాకా ఇదే వరస. ఏం చదివావని అడిగేవాళ్లు అరుదు.

అందుకే అమీర్‌పేటలో ప్రాజెక్టులు అమ్ముడుపోతాయి. కోడ్, రిపోర్టు, పీపీటీ, వైవాకు కాస్త తర్ఫీదు, అంతా ఒకే ప్యాకేజీ. బీటెక్‌లో మా క్లాసులో చాలా టీములకు అవి అక్కణ్నుంచే వచ్చాయి. వైవాలో ఎగ్జామినర్లు ఫ్రంట్ ఎండ్ ఏంటి, బ్యాక్ ఎండ్ ఏంటి అని అడిగి సంతకం పెట్టేస్తుంటే కొనకుండా ఎందుకుంటారు? ఇప్పుడైతే ఆ దుకాణం దాకా పోనక్కర్లేదు, చాట్‌జీపీటీ ఊరికే రాసిపెడుతోంది.

నా మాట ఒకటే. ప్రాజెక్టు మార్కుల్లో సగం, ఇంకొకరు రాసిన ప్రోగ్రామును చదివి విప్పి చెప్పినందుకు ఇవ్వాలి.

ఎంటెక్‌లో ఆపరేటింగ్ సిస్టమ్స్ సారు మా చేతికి ఎక్స్‌వీ6 ఇచ్చారు. ఎంఐటీ వాళ్లు పాఠం కోసం రాసిన బుల్లి యూనిక్స్ అది. మామూలు ల్యాప్‌టాప్ చాలు, పైసా ఖర్చు లేదు. అందులో కొత్త ప్రాసెస్‌ను పుట్టించే ఫోర్క్ అనే సిస్టమ్ కాల్, పాత ప్రాసెస్ మెమరీ మొత్తాన్నీ 4096 బైట్ల పేజీల చొప్పున కాపీ చేస్తుంది. ఎల్ఎస్ అని కమాండ్ కొడితే షెల్ మెమరీ అంతా కాపీ అవుతుంది, వెంటనే కొత్త ప్రోగ్రామును ఎక్కించే ఎగ్జెక్ వచ్చి ఆ కాపీని పారేస్తుంది. ‘కాపీ ఆన్ రైట్’ అని బీటెక్‌లో బట్టీపట్టిన రెండు మార్కుల నిర్వచనం ఈ వృథాను ఆపడానికేనని ఆ కోడ్ చదివాకే తెలిసింది. పేజీని రెండు ప్రాసెస్‌లకూ ఉమ్మడిగా ఉంచి, దాంట్లో ఏదైనా ఒకటి రాయబోయినప్పుడే కాపీ తీయాలి. ఒక్కో పేజీని ఎన్ని ప్రాసెస్‌లు వాడుతున్నాయో లెక్క కూడా ఉంచాలి. లేకపోతే ఒక ప్రాసెస్ ముగుస్తూ, ఇంకోటి వాడుకుంటున్న పేజీని ఖాళీ చేసేస్తుంది. దీన్ని ఎక్స్‌వీ6లో చేర్చడానికి రాయాల్సింది కొద్ది లైన్లే. అవి ఎక్కడ పెట్టాలో తేలడానికే మాకు వారాలు పట్టింది.

కోడ్ చదివించే ఈ పద్ధతి కొత్తదేం కాదు. 1976లో ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ యూనివర్సిటీలో జాన్ లయన్స్, యూనిక్స్ ఆరో ఎడిషన్ కోడ్‌ను దాదాపు 9 వేల లైన్లు పుస్తకంగా వేసి, దానికి వ్యాఖ్యానం రాసి పాఠం చెప్పాడు. పద్యానికి టీకా తాత్పర్యాలు చదివిన మనకిది వింత కాకూడదు. తర్వాతి ఎడిషన్ కోడ్‌ను క్లాసులో చెప్పడానికి వీల్లేదని యూనిక్స్ హక్కులున్న ఏటీ అండ్ టీ లైసెన్సులో షరతు పెట్టింది. అయినా లయన్స్ పుస్తకం జిరాక్సు మీద జిరాక్సుగా దేశాలు తిరిగింది. బాహాటంగా అచ్చయ్యేసరికి 1996 వచ్చింది.

రెజ్యూమేలో ప్రాజెక్టు లేకపోతే ప్లేస్‌మెంట్ ఎలా అంటారు. ఉద్యోగాల్లో చేరిన మా బ్యాచ్ వాళ్లను అడగండి. చేరగానే ఎవరో ఎప్పుడో రాసిన కోడ్ ఇచ్చి బగ్ వెతకమన్నారు.

అసలు చిక్కు వేరే ఉంది. సెక్షన్ మొత్తానికీ ఒక్క రోజులో వైవా ముగించే ఏర్పాటులో ఈ పరీక్ష కుదరదు, ఎగ్జామినర్లను పెంచాల్సిందే. అప్పటిదాకా ఒక్క ప్రశ్నైనా మార్చొచ్చు. విద్యార్థి సమర్పించిన కోడ్‌లోంచే ఒక ఫంక్షన్ తెరిచి, ఈ లైను తీసేస్తే ఏమవుతుందని అడగండి.