ఐసుముక్కలతో సాలమాండరా?

నల్గొండలో ఉండే మా కొలీగొకాయన కూతురికి ఆక్సలాటల్ కొనిచ్చాడు. షాపువాడు "నడిచే చేప" అన్నాడట! చేప కాదు మహాప్రభో, మెక్సికో సాలమాండర్. నాలుగు కాళ్లు, పొలుసుల్లేని చర్మం, తలకిరువైపులా ఈకల్లాంటి మొప్పలు... చూస్తే తెలీదూ?

దానికి 16-18 డిగ్రీల నీళ్లు కావాలి. 24 దాటితే తిండి మానేసి జబ్బుపడుతుంది. మే నెలలో నల్గొండ, మహబూబ్‌నగర్ సంగతి చెప్పాలా? 44! మన దేశపు సాలమాండర్లు కూడా డార్జిలింగ్, మణిపూర్ వైపు చల్లటి కొండల్లోనే ఉంటాయి మరి.

"ఐసుముక్కలేస్తున్నాంగా" అంటాడీయన. కాసేపు చల్లన, కాసేపటికి వేడి. అది ఇంకా హింస. సర్వర్ రూములో ఏసీ గంట ఆగితే గగ్గోలు పెడతామే, ప్రాణమున్నదానికి ఐసుముక్కలు చాలా? చిల్లర్ కొనలేకపోతే దీన్నీ కొనొద్దు, అంతే. (కాలిఫోర్నియా మిత్రులారా, అక్కడైతే పెంచడమే నేరం.)

నాలుగు రోజులుగా అదేమీ తినట్లేదట. ఎందుకని పాప అడుగుతోందట.