జర్మన్ భాషాధ్యయనానికి అధికారి ఎవరు?

ఉన్నత పాఠశాలలో ఆంగ్లానికి తోడుగా మరొక విదేశభాషను, ముఖ్యంగా జర్మన్ భాషను బోధించవచ్చునా అన్న ప్రశ్న వచ్చినప్పుడల్లా ఆస్తికలోకంలో ఒక ఆందోళన తలయెత్తుతుంది. “సంస్కృతానికే స్థానం లేని బడిలో జర్మన్ భాషకు పీఠమా?” అని పెద్దలు అడుగుతారు. ఆ ఆందోళనలో శ్రద్ధ ఉన్నది, దానిని పరిహసించరాదు. అయితే శ్రద్ధకు విచారణ తోడైనప్పుడే అది ఫలిస్తుంది. ఏ గ్రంథాన్నైనా ఆరంభించే ముందు మన ఆచార్యులు నాలుగు ప్రశ్నలు వేసుకొన్నారు: ఇందులో విషయమేమి? దానికీ మనకూ సంబంధమేమి? ప్రయోజనమేమి? అధికారి ఎవరు? దీనికే అనుబంధ చతుష్టయమని పేరు. వేదాంతాధ్యయనానికి ఏర్పడిన ఈ పరీక్షను ఒక లౌకికభాష విషయంలోనూ ప్రయోగించి చూద్దాం.

ముందుగా వివాదం పుట్టిన తీరును స్మరించాలి. 2011లో కేంద్రీయ విద్యాలయ సంఘటన్, జర్మనీకి చెందిన గోథె సంస్థ ఒక ఒడంబడిక చేసుకొన్నవి. దాని ప్రకారం ఆరవ తరగతి నుండి జర్మన్ మూడవ భాషగా ప్రవేశించినది. 2014 అక్టోబరు 27న సంఘటన్ పాలకమండలి ఆ ఏర్పాటును నిలిపివేసి, జర్మన్ స్థానంలో సంస్కృతాన్ని నిలిపినది. త్రిభాషాసూత్రంలో విదేశభాషకు మూడవ స్థానం లేదన్నది ప్రభుత్వం చెప్పిన కారణం. సూత్రార్థం దృష్ట్యా ఆ వాదంలో బలమున్నది. కాని నిర్ణయం అమలైనది విద్యాసంవత్సరం మధ్యలో. దాదాపు 70,000 మంది బాలబాలికలు ఒక భాషను సగంలో విడిచి, మరొక భాషను సగం నుండి అందుకోవలసి వచ్చినది. తల్లిదండ్రులు సర్వోన్నత న్యాయస్థానాన్ని ఆశ్రయించగా, ఆ సంవత్సరానికి సంస్కృత పరీక్ష ఉండదని ప్రభుత్వం తెలిపినది. అటుపై జర్మన్ అదనపు విషయంగా మాత్రమే మిగిలినది.

ఆ రోజులలో దేశమంతటా ఒకే వాదం నడిచినది: సంస్కృతమా, జర్మనా? ఆ ప్రశ్నయే సరికాదని నా మనవి. రెండు విద్యలను ఒకే పీట కోసం పోరాడే ప్రత్యర్థులుగా నిలబెట్టినాక, ఏది గెలిచినా ఓడేది విద్యార్థియే.

విషయం

జర్మన్ భాష స్వరూపం ఎటువంటిది? సంస్కృతం కొంత చదివినవారికి అది పూర్తిగా పరాయిది కాదు. సంస్కృతంలో ఎనిమిది విభక్తులు, జర్మన్‌లో నాలుగు. రెండింటిలోనూ లింగాలు మూడు. మాతృశబ్దం అక్కడ ‘ముటర్’, భ్రాతృశబ్దం ‘బ్రూడర్’, దుహితృశబ్దం ‘టోఖ్టర్’, విధవాశబ్దం ‘విట్వె’. వేదశబ్దానికి మూలమైన విద్ ధాతువు ఏ ప్రాచీన మూలం నుండి వచ్చినదో, జ్ఞానమనే అర్థం గల ‘విస్సెన్’ అనే జర్మన్ పదమూ ఆ మూలం నుండే వచ్చినది.

సమాసప్రియత్వంలోనూ ఆ భాష మనకు చేరువ. చేతికి వేసికొనే తొడుగును వారు ‘హాండ్‌షూ’ అంటారు, అనగా చేతి చెప్పు. వైద్యశాల ‘క్రాంకెన్‌హౌస్’, అనగా రోగుల ఇల్లు. షష్ఠీ తత్పురుషం తెలిసిన పిల్లవాడు వీటిని విని ఆనందిస్తాడే గాని భయపడడు. బాలికను చెప్పే ‘మేడ్‌షెన్’ అనే పదం ఆ భాషలో నపుంసకలింగం. ఇది విని ఆంగ్లం మాత్రమే తెలిసినవాడు నివ్వెరపోతాడు. మన విద్యార్థి మాత్రం భార్య అన్న ఒకే అర్థంలో భార్యాశబ్దం స్త్రీలింగం, దారశబ్దం పుంలింగం, కలత్రశబ్దం నపుంసకలింగం అని అదివరకే నేర్చి ఉంటాడు. లింగమనేది శబ్దధర్మమనీ, వస్తుధర్మం కాదనీ అతనికి వేరుగా చెప్పనక్కరలేదు.

తెలుగువారికి మరొక సౌకర్యం కలదు. జర్మన్ ఉపవాక్యంలో క్రియ చివరికి చేరుతుంది. క్రియ కోసం వాక్యాంతం వరకు ఓపిక పట్టడం మనకు ఉగ్గుపాలతో వచ్చిన అలవాటు. కనుక తెలుగు వ్యాకరణం, సంస్కృత విభక్తులు దృఢంగా వచ్చిన పిల్లవానికి జర్మన్ సుగమం. ఆ పునాది లేని పిల్లవానికి అది కంఠస్థం చేయవలసిన పట్టికల భారం మాత్రమే. ఈ క్రమాన్ని గుర్తుంచుకొందాం, అధికారి విచారణలో ఇది మళ్ళీ అవసరమవుతుంది.

సంబంధం

జర్మనీకీ మన విద్యలకూ గల సంబంధం రెండు శతాబ్దాలకు పైబడినది. సాయణభాష్యసహితమైన ఋగ్వేదాన్ని మాక్స్ ముల్లర్ 1849 నుండి 1874 వరకు ఆరు సంపుటాలుగా ముద్రింపజేసినాడు. ఆయన భారతభూమిపై ఎన్నడూ అడుగు పెట్టలేదు. బోట్‌లింక్, రోత్ పండితులు 1855 నుండి 1875 వరకు శ్రమించి సంస్కృత–జర్మన్ మహానిఘంటువును వెలువరించినారు. పాల్ డాయిసెన్ 1897లో అరవై ఉపనిషత్తులను తన భాషలోకి తెచ్చినాడు. అంతకు ముందటి ఏడు, 1896లో, స్వామి వివేకానందులు కీల్ నగరంలో ఆయన గృహానికి అతిథిగా వెళ్ళినారు.

ఈ పరంపరలో ఒక విశేషమున్నది. షోపెన్‌హావర్ ఉపనిషత్తులను చదివినది లాటిన్ అనువాదంలో. ఆ లాటిన్‌కు మూలం 1657లో దారా షికో చేయించిన పారసీక అనువాదం. సంస్కృతం నుండి పారసీకం, అక్కడి నుండి లాటిన్: రెండు తెరల వెనుక నుండి ఆయన ఆ కాంతిని చూచినాడు. ఆయన అనుయాయి అయిన డాయిసెన్ అంతటితో తృప్తి పడక సంస్కృతమే నేర్చి మూలాన్ని చేరినాడు. పరభాషను శ్రద్ధతో నేర్చినవానికి కలిగే లాభం ఇదే.

ఇక్కడ పూర్వపక్షం వస్తుంది: “ఆ పాశ్చాత్య పండితులలో కొందరు మన వేదార్థాన్ని వక్రీకరించినారు గదా? వారి భాషను మనమెందుకు ఆదరించాలి?” వారి నిర్ణయాలన్నీ ప్రమాణమని ఎవరూ అనడం లేదు. అయితే ఖండించవలసిన వాదాన్ని ఖండించేవాడు ఎలా తెలిసికొంటాడు? శంకరభగవత్పాదులు పూర్వపక్షాన్ని దాని సంపూర్ణబలంతో నిలబెట్టిన తరువాతనే సిద్ధాంతం చెప్పినారు. గెల్డ్‌నర్ చేసిన ఋగ్వేదానువాదం జర్మన్ భాషలో ఉన్నది, వేదపరిశోధకులు నేటికీ దానిని సంప్రదిస్తారు. దానిలో దోషముంటే చూపవలసినది ఎవరు? సస్వరంగా వేదం తెలిసి, జర్మన్ కూడా చదువగల పండితుడు. అటువంటివారు మన నేలపై అరుదు. ఆ లోటు పరభాషాద్వేషంతో తీరేది కాదు.

తెలుగుకు కూడా ఆ దేశంతో పాతబంధమున్నది. 1746 ప్రాంతంలో జర్మనీలోని హాలె నగరంలో తెలుగు పుస్తకాలు అచ్చయినవి. తెలుగు ముద్రణచరిత్ర అక్కడి నుండే మొదలవుతుంది. వాటి వెనుక ఉన్న బెంజమిన్ షుల్జ్ ఉద్దేశం మతప్రచారం. ఆ ఉద్దేశాన్ని మనం అంగీకరించనక్కరలేదు. అయినా పరభాషను నేర్చి, దానికి వ్యాకరణం వ్రాసే వరకు వదలని ఆ పట్టుదలను గమనించక తప్పదు.

ప్రయోజనం

లౌకిక ప్రయోజనం స్పష్టం. జర్మనీలోని ప్రభుత్వ విశ్వవిద్యాలయాలలో చాలావరకు బోధనరుసుము లేదు. 2023–24 నాటికి అక్కడి విదేశీ విద్యార్థులలో భారతీయులే అధికసంఖ్యాకులు, సుమారు 49,000 మంది. తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ నర్సులకు జర్మన్ నేర్పించి ఆ దేశానికి పంపుతున్నది. అక్కడ నర్సుగా గుర్తింపు పొందడానికి సాధారణంగా బి2 స్థాయి భాషాజ్ఞానం కావాలి. ఆరు స్థాయిలలో అది నాలుగవది. ఉద్యోగబాధ్యతలు మీద పడిన వయసులో కొద్ది నెలల శిక్షణతో దానిని అందుకోవడం ఎంత కష్టమో ఆ మార్గంలో నడిచినవారికే తెలుసు.

ఇది ప్రేయస్సు కాదా అంటే, అవును, ప్రేయస్సే. కఠోపనిషత్తు శ్రేయస్సును ప్రేయస్సు నుండి వేరు చేసి చూపినది. అయితే నచికేతుడు తన ఎదుట నిలిచిన భోగాలను తానే త్యజించినాడు. చేతికి అందని దానిని ‘త్యజించు’ అని ఇతరులు బోధించడం వైరాగ్యోపదేశం కాదు. నగరంలోని ఖరీదైన బడిలో తమ పిల్లలకు ఫ్రెంచ్, జర్మన్ చెప్పించుకొంటూ, పల్లెపిల్లలకు మాత్రం సంస్కృతిరక్షణ కోసం అవి వద్దనడం ధర్మమెలా అవుతుంది?

మరి సంస్కృతం సంగతి? ముండకోపనిషత్తు నాలుగు వేదాలను, వ్యాకరణాది షడంగాలను సైతం అపరావిద్యలోనే చేర్చినది. అక్షరపరబ్రహ్మాన్ని తెలిపేదే పరావిద్య. అనగా భాషాధ్యయనం, అది దేవభాష అయినా సరే, సాధనమే. ఛాందోగ్యంలో నారదుడు సమస్తవిద్యలనూ ఏకరువు పెట్టి, అయినా తనకు శోకం తీరలేదన్నాడు. సనత్కుమారుడు ఆ విద్యలను నిందించలేదు. అవన్నీ నామమేనని చెప్పి, ఆ నామం నుండే మెట్టుమెట్టుగా భూమ వరకు నడిపించినాడు. మెట్లుగా చూచినప్పుడు సంస్కృతానికీ జర్మన్‌కూ కలహం లేదు. ఏ మెట్టు ముందు, ఏది వెనుక అన్న క్రమం మాత్రమే ఉన్నది.

నిజమైన అపచారం వేరొక చోట జరుగుతున్నది. మన ఇంటర్మీడియట్ కళాశాలలలో వేలాది విద్యార్థులు సంస్కృతాన్ని ద్వితీయభాషగా ఎన్నుకొంటారు. అది వాగ్దేవతపై భక్తితో కాదు, మార్కులు సులభంగా వస్తాయని. రెండేళ్ళు ‘చదివి’ వచ్చినవారిలో అనేకులకు దేవనాగరి లిపి కూడబలుక్కోవడం కూడా రాదు. సంస్కృతాన్ని ఈ దుఃస్థితికి తెచ్చినది జర్మన్ భాష కాదు. ఏ భాషనైనా శ్రద్ధ లేక మార్కులకో వీసాకో వాడుకొనే మన బుద్ధి తెచ్చినది. రేపు జర్మన్‌ను ప్రవేశపెట్టినా ఆ బుద్ధి మారకపోతే దానికీ అదే గతి.

అధికారి

జనగామకు, స్టేషన్ ఘన్‌పూర్‌కు నడుమ రైలుమార్గం మీద రఘునాథపల్లి ఉన్నది. అక్కడ ప్రభుత్వ బడిలో తొమ్మిదవ తరగతి చదివే బాలికను మనస్సులో నిలుపుకొని ఈ ప్రశ్న అడగాలి. ఆమె ఏ మట్టిలో పుట్టినది? ఆ జిల్లాలోనే పాలకుర్తి ఉన్నది. తెలుగు, కన్నడ, సంస్కృతాలలో రచించిన సోమనాథుడు ఆ ఊరివాడు. ఆ సమీపంలోనే బమ్మెర ఉన్నది. వ్యాసభాగవతాన్ని తెనిగించిన పోతనామాత్యుని గ్రామం అది. వరంగల్లు సీమలోనే జన్మించిన పి.వి. నరసింహారావుగారు బహుభాషావేత్తగా లోకప్రసిద్ధులు. వారు ముఖ్యమంత్రిగా ఉన్న 1971లోనే సర్వేలులో ప్రభుత్వ గురుకుల పాఠశాల వెలసినది. బహుభాషాధ్యయనం ఆ నేలకు దిగుమతి వస్తువు కాదు. అక్కడి పిల్లకు ఆ అధికారం లేదనడానికి ఎవరికీ అధికారం లేదు.

అయితే అధికారమంటే హక్కు మాత్రమే కాదు, సన్నద్ధత కూడా. 2020 జాతీయ విద్యావిధానం మూడు భాషలలో కనీసం రెండు భారతీయభాషలు ఉండాలన్నది. ఆంగ్లం మూడవ స్థానాన్ని ఆక్రమించిన చోట మరొక విదేశభాషకు అందులో చోటు మిగలదు. అదే విధానం మాధ్యమిక స్థాయిలో జర్మన్ వంటి విదేశభాషలను నేర్పవచ్చుననీ చెప్పినది. ఈ రెంటినీ సమన్వయిస్తే నాకు తోచిన సిద్ధాంతం ఇది. ఎనిమిదవ తరగతి వరకు మాతృభాష, దానితో సంస్కృత పరిచయం దృఢపడాలి. తొమ్మిదవ తరగతి నుండి జర్మన్‌ను అదనపు ఐచ్ఛిక విషయంగా, ముందుగా ప్రభుత్వ గురుకులాలలో ప్రవేశపెట్టాలి. అది ఏ భారతీయభాషనూ తొలగించి రారాదు. ఏ పిల్లపైనా బలవంతం ఉండరాదు. శిక్షితుడైన అధ్యాపకుడు నాలుగేళ్ళు నిలకడగా ఉంటాడన్న నిశ్చయం లేని చోట ప్రారంభించనే రాదు. ప్రభుత్వం మారినా, పాలకమండలి మారినా, మొదలుపెట్టిన తరగతి ముగిసేవరకు పాఠం ఆగరాదు. 2014 నేర్పిన పాఠమదే.

“అంతమంది జర్మన్ అధ్యాపకులు ఎక్కడ నుండి వస్తారు?” అని అడగవచ్చు. ఒక్కనాడే రారు. కనుకనే కొద్ది గురుకులాలతో ఆరంభించమనడం. హైదరాబాదులో జర్మన్ బోధించే గోథె కేంద్రం ఉన్నది. తెలుగు, సంస్కృతం తెలిసిన యువ ఉపాధ్యాయులను ఎంపిక చేసి అటువంటి చోట రెండేళ్ళు చదివిస్తే, విభక్తిని విభక్తితో పోల్చి, సమాసాన్ని సమాసంతో విప్పి చెప్పగల గురువులు మనకే తయారవుతారు. ఆ విధంగా సంస్కృతం చదివినవారికి ఒక కొత్త వృత్తి కూడా ఏర్పడుతుంది.

ఆస్తికులైన పాఠకులకు ఒక విన్నపం. మీ ఊరి బడిలో మరొక విదేశభాష ప్రస్తావన వచ్చినప్పుడు “వద్దు” అనే ముందు రెండు సంగతులు విచారించండి: ఆ బడిలో సంస్కృతం ఈనాడు ఎలా బోధింపబడుతున్నది? తెలుగు ఎలా బోధింపబడుతున్నది? అవి సరిగా లేకపోతే ముందు వాటికోసం నిలబడండి, గ్రామసభలో అడగండి, సాయంకాలం దేవాలయ మండపంలో నలుగురు పిల్లలకు శబ్దమంజరి చెప్పే ఏర్పాటు చేయండి. ఆ పిల్లలలో ఒకరు పెద్దయి జర్మన్ నేర్చి, డాయిసెన్ మన ఉపనిషత్తులను గురించి ఏమి వ్రాసినాడో మూలంలోనే చదివి, సరియైన దానిని సరియనీ, కానిదానిని కాదనీ చెప్పగలిగితే, దేవభాషకు అంతకన్న సేవ ఏమున్నది?

ఇతి శమ్.