ఊకె పోయొస్త

పడవ ప్రయాణాల గురించి మన పత్రికల్లో వచ్చే రాతల్లో ఒక తృప్తి కనిపిస్తుంది. తొందర లేదు, అనుకున్న ఊరంటూ లేదు, నీళ్లు ఎటు తీసుకుపోతే అటు. చదువుతుంటే నాకూ హాయిగానే ఉంటుంది. ఆ హాయిని తమ స్వభావంగా, తాత్వికతగా చెప్పుకుంటారే, అక్కడే నాకు పేచీ. ఇంట్లో పొయ్యి ఇంకెవరో చూసుకుంటే మిగిలే కాలం అది. ఏనుగుల వీరాస్వామయ్య 1830-31లో కాశీయాత్ర చేసి, గంగలో పడవ మజిలీలతో సహా రాసిపెట్టాడు. ఆయన వెంట ఇంటి ఆడవాళ్లూ ఉన్నారు. వాళ్లు పడవలో కూర్చుని ఏం చూశారో రాసుకున్న పుస్తకం మనకు లేదు.

జగిత్యాల వాళ్లకు ధర్మపురిలో గోదావరి ఉంది, సిరిసిల్ల పక్కనే మానేరు ఉంది. నది లేక ఆగిపోయిన ప్రయాణాలు కావివి. కోరుట్లలో బీడీలు చుట్టే ఆమె ఒళ్లో చాట ఉంటుంది. తునికాకు తడపాలి, కత్తిరించాలి, పొగాకు పోసి చుట్టాలి, దారం కట్టాలి. కూలి వెయ్యి బీడీలకు ఇంత అని. పొయ్యి దగ్గరికి లేచినా, పిల్లవాడి ముక్కు తుడిచినా ఆ వెయ్యిలోంచే తరుగు. నెలజీతం వాళ్లకు సెలవనేది ఒకటుంటుంది. ఈమె ఊరికే కూర్చుంటే ఆ జరిమానా తనే కట్టుకోవాలి. మొగుడు దుబాయిలోనో మస్కట్‌లోనో ఉన్నాడా, ఆమె గడప దాటితే లెక్క అడగడానికి వాడకట్టంతా ఉంటుంది. "ఏడికి? ఏం పని?" సిరిసిల్లలో మరమగ్గాలకు కండెలు చుట్టే ఆమెకూ ఇదే ప్రశ్న.

ఫాల్గుణంలో ధర్మపురి కోనేట్లో నరసింహస్వామికి తెప్పోత్సవం చేస్తారు. ఎక్కడికీ పోని ప్రయాణం, ఉన్న నీళ్లలోనే చుట్లు. దేవుడికి అది వేడుక. బతుకమ్మ నాడు మనమేం చేస్తాం? తొమ్మిది రోజులు పూలు పేర్చి, ఆడి, పాడి, నీళ్లలో వదులుతాం. పూలు మెల్లగా సాగిపోతాయి. మనం గట్టు మీంచి చూసి, గిన్నెలు తోమడానికి ఇంటికొస్తాం.

పడవ సంగతి అట్లా ఉంచి బస్సు చూద్దాం. తెలంగాణలో 2023 డిసెంబర్ 9 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు ఛార్జీ లేదు. ఛార్జీ కోసం ఇంట్లో చెయ్యి చాపే పని తప్పింది. అంతే, పనిలేక తిరుగుతున్నారన్న గోల మొదలైంది. బస్సులో వెల్లుల్లి పొట్టు తీస్తున్న ఆడవాళ్ల వీడియో ఊరంతా తిరిగింది. తప్పేముందని మంత్రి సీతక్క అన్నారు. 2024 ఆగస్టులో సిరిసిల్ల ఎమ్మెల్యే కేటీఆర్, బస్సుల్లో బ్రేక్ డాన్సులు కూడా వేసుకోవచ్చని ఎద్దేవా చేసి, తర్వాత విచారం చెప్పారు. మహిళా కమిషన్ నోటీసు కూడా ఇచ్చింది. ఎద్దేవా సంగతి సరే. నన్ను ఎక్కువ కలవరపెట్టింది సమర్థనే. కూర్చున్న చోట కూడా చేతికి పని ఉంది కాబట్టి ఆమె ప్రయాణం క్షమించదగిందా? వెల్లుల్లి లేకుండా, కిటికీ పక్కన, కోరుట్ల నుంచి ధర్మపురి దాకా పోయి, నీళ్లు చూసి, దర్శనం కూడా చేసుకోకుండా వచ్చేస్తే?

మనలోనే కొందరు అంటారు, ముందు కూలి పెరగనీ, షికార్లు తర్వాత అని. ఆ వరస ఎవరు రాశారు? ఎనిమిది గంటల పని కోసం కొట్లాడినవాళ్లు కూలితో పాటు కాలాన్ని కూడా అడిగారు. ఆ మిగిలిన గంటల్లో ఏం చేస్తావని మగ కార్మికుణ్ణి మనం సంజాయిషీ అడగలేదు.

2027లో గోదావరి పుష్కరాలు. ధర్మపురిలో ఘాట్ల గురించి, బట్టలు మార్చుకునే గదుల గురించి సమావేశాలు జరుగుతాయి. ఆ కాగితాల్లో ఇంకొకటి చేర్చమని అడుగుదాం: రేవులో శుభ్రమైన మరుగుదొడ్లు, లైఫ్ జాకెట్లు, పుష్కరాలయ్యాక కూడా నడిచే ఒక పడవ. గంటసేపు తిప్పి, ఎక్కిన చోటే దింపాలి. ఎందుకెక్కావని ఎవరూ అడగకూడదు.