జాబు మోయువాడు – రసీదు వ్రాయించుకొనునది



జాబు వ్రాయుట, పార్సెలు కట్టుట స్త్రీల పనియనియు, వానిని గూర్చిన చట్టము మాత్రము పురుషులకు సంబంధించినదనియు మనలో పెక్కుమంది తలంతురు. ఈ తలంపు కోనసీమలో ఎంతమాత్రము చెల్లదు. అమలాపురము, రాజోలు, కొత్తపేట ప్రాంతములనుండి బిడ్డలు దూరదేశములకు పోవుట నేడు సామాన్యమైనది. ఆత్రేయపురపు పూతరేకులును, వేసవిలో కలిపిన ఆవకాయయు, చదువుల పత్రములును భద్రముగ కట్టి పంపువారు తఱచుగ తల్లులే. వానిని మోసికొనిపోవు వానిపై ప్రభుత్వమునకు ఎంత అదుపు గలదో తెలిసికొనుటయు మన పనియే గదా!

1837లో ఈస్టిండియా కంపెనీ ప్రభుత్వము తన ఏలుబడిలో జాబులను కూలికి మోయు హక్కును తనకే ఉంచుకొన్నది. 1898 నాటి తపాలా చట్టములోని 4వ సెక్షను ఆ హక్కును మఱల స్థిరపఱచినది. దాని వెంటనున్న 5వ సెక్షను మన సీమకు మిక్కిలి తగులునట్టిది. నదులమీదను, కాలువలమీదను నడచు పడవల యజమానులు, తాము ఎక్కించిన సరకునకు సంబంధించినది తప్ప మఱియే జాబును తీసికొనరాదని అందు నిషేధింపబడినది. కూలి పుచ్చుకొనకపోయినను తప్పే! ఒక్కొక్క జాబునకు 50 రూపాయలవఱకు జరిమానా. గోదావరి పాయలును, ధవళేశ్వరపు ఆనకట్టనుండి పాఱు కాలువలును రాకపోకలకు ముఖ్యమార్గములైన ఆ దినములలో, పుట్టింటికి నాలుగు ముక్కలు వ్రాసి పడవవాని చేతికిచ్చినచో అతడు నేరస్థుడగుచుండెను. ఆ దారిని పోవు ఆప్తుడు కూలి లేకుండ కొనిపోయిన మాత్రము నేరము లేదు.

ఇంతటి కట్టుబాటు ఏలనందురా? 1854లో జాబునకు దూరముతో నిమిత్తము లేని ఒకే రేటు ఏర్పడినది. పట్టణముల నడుమ జాబులు మోయుట లాభకరము. లంకగ్రామమునకు ఒక్క కార్డు కొనిపోవుట నష్టకరము. లాభమునంతయు ప్రైవేటువారు ఏఱుకొనిపోయినచో లంకలోని తల్లికి జాబు చేర్చువాడెవడు? ఆ కట్టుబాటునకు గల న్యాయమిది. ఖజానా రాబడియు, ప్రజల ఉత్తరములపై అధికారమును అందు కలసియున్న మాటయు దాచవలసినది కాదు.

చట్టమట్లుండగనే కొరియరు సంస్థలు పుట్టి, పత్రములను పార్సెళ్లను మోయుచు వీథివీథిని వెలసినవి. తుదకు 2023 నాటి తపాలా కార్యాలయ చట్టము ఆ పాత గుత్తహక్కును విడిచినది. ఇది 2024 జూన్ 18 నుండి అమలులోనికి వచ్చినది. తపాలా బిళ్లలు వెలువరించు ప్రత్యేకహక్కు మాత్రము తపాలాశాఖకు మిగిలినది. కాని జాబులు మోయు ప్రైవేటువారు ఎట్లు నడచుకొనవలయునో ఆ చట్టమేమియు చెప్పలేదు. తపాలాశాఖ సయితము తన నియమములలో ఒప్పుకొన్న మేరకే నష్టమునకు బాధ్యత వహించును.

అయినచో కొరియరువానికి అదుపే లేదా? కలదు, అది వేఱొక చట్టమున నున్నది. 2007 నాటి రోడ్డు రవాణా సరకుల చట్టము 2011 మార్చి 1 నుండి అమలైనది. ఇంటినుండి ఇంటికి చేర్చు కొరియరు సంస్థలను గూడ అది సరకు మోయువారిలో చేర్చి, రిజిస్టరు కావలయునని విధించినది. అయితే అధికమైన రేటు చెల్లించి ఒప్పందము చేసికొననిచో, సంస్థ బాధ్యతకు నియమములు ఏర్పఱచిన హద్దు ఉండును. సరకు పోయినదని దావా వేయదలచినవారు, బుక్కు చేసిన దినమునుండి 180 దినములలోపల వ్రాతమూలకముగ నోటీసు ఇచ్చియుండవలయును.

ఆ హద్దు ఎంత కఠినమైనదో ఒక వ్యాజ్యము తెలుపుచున్నది. భారతి నిట్టింగ్ కంపెనీవారు జర్మనీకి పంపిన పత్రములు కొరియరులో పోయినవి. రాష్ట్ర కమిషను వారికి నాలుగు లక్షల రూపాయలకు మించి ఇప్పించెను. కాని రసీదుమీద సంస్థ బాధ్యత 100 డాలర్లేయని అచ్చువేయబడియుండెను. దానిమీద పంపినవారి సంతకముండెను. 1996లో సుప్రీంకోర్టు ఆ 100 డాలర్లే న్యాయమని తీర్పు చెప్పెను. వ్యాపారస్థులకే ఇట్లయినచో, తొందరలో సంతకము చేసి వచ్చు మన గతియేమి?

కావున మూట ఇచ్చు వేళ కొన్ని పనులు మఱువరాదు. లోపలి వస్తువులను, వాని విలువను రసీదులో వ్రాయించుడు. బాధ్యత ఎంతవఱకో, భీమా గలదో లేదో అడుగుడు. నగలు, రొక్కము, తిరిగి పుట్టని పత్రములు ఇచ్చుటకు ముందు వానిని ఆ సంస్థ అంగీకరించునో లేదో కనుగొనుడు. మూట చేరనిచో మాటలతో కాలము గడపక నోటీసు పంపుడు. 2019 నాటి వినియోగదారుల రక్షణచట్టము ప్రకారము, పంపిన ఊరితో పనిలేకుండ మనము నివసించుచోటి జిల్లా కమిషనులోనే ఫిర్యాదు చేయవచ్చును. అందులకు గడువు రెండు సంవత్సరములు.

పడవవానిని సయితము విడువక కట్టుబాటు చేసిన ప్రభుత్వము, నేడు వీథివీథిని వెలసిన కొరియరువాని రసీదు తెలుగులో, కంటికానునంత అక్షరములతో ఉండవలయునని శాసింపజాలదా? చదువవచ్చిన స్త్రీలు కోరదగిన సంస్కారమిది. అంతవఱకు మన మూటకు కావలి మన చేతి రసీదే.