నాగజెముడు ఆహారమగునా?

పుంత గట్లమీదను బీడు నేలలలోను తనంతట పెరుగు నాగజెముడును చూచినంతనే మన కర్షకసోదరులు కత్తి పట్టుదురే కాని గంప పట్టరు. ఇందు వారి తప్పేమియు లేదు. ఆ మొక్క మన పూర్వులను పెట్టిన బాధ చిన్నది కాదు. అయినను దానిని కేవలము శత్రువుగా నెంచుట సరికాదని మా అభిప్రాయము.

మొదట పేరు సంగతి తేల్చవలెను. ఏలయన నిచట పొరపడినచో కన్నే పోవచ్చును. బొంతజెముడు, ఆకుజెముడు, కాడజెముడు అనునవి పాలుగల జాతివి. ఆ పాలు కంటబడిన చూపు చెడును. నోట బడిన బొబ్బలెక్కును. నాగజెముడు ఆ కుటుంబములోనిది కాదు. బ్రహ్మజెముడను పేరు ఒక యూర దీనికి, మఱియొక యూర వేఱొకదానికి చెల్లుచున్నది గనుక పేరును నమ్మరాదు. మొగము దూరముగా నుంచుకొని కత్తిమొనతో గీచి చూడుడు. తెల్లని పాలు కారినచో దానిని ముట్టకుడు. అట్టలవంటి మట్టలు, పసుపు పూవులు, ఊదా కలసిన ఎఱ్ఱని పండ్లు కలిగి, గీచినచోట పాలు రాక జిగురునీరే వచ్చునది నాగజెముడు.

దీని పుట్టినిల్లు అమెరికా ఖండము. కిరమంజి రంగునిచ్చు పురుగులను దీనిపై పెంచి లాభమార్జింపవలెనని ఈస్టిండియా కంపెనీవారు ఆశపడిరి. 1795లో బ్రెజిలునుండి పురుగు వచ్చెను గాని అది రంగుకు పనికివచ్చు జాతి కాదు. రంగు దక్కలేదు; మొక్క మాత్రము పొలములకెక్కినది. తుదకు 1926లో సింహళమునుండి తెచ్చిన వేఱొక పురుగు దక్షిణదేశమున దీని నణచినది. ఇప్పుడు మనము చూచుచున్నది ఆనాటి అడవులలో మిగిలిన శేషమే.

మెక్సికో దేశీయులకు ఇదే జాతి చుట్టము నిత్యము తినెడి కూర. వారు దానిని నోపాల్ అందురు. వారి జెండా నడుమ గ్రద్ద వ్రాలియున్నదియు దీనిమీదనే. అరచేతియంత లేత మట్టను కోసి, కత్తితో ముళ్ళను గీకివైచి, సన్నగా తఱిగి, ఉప్పు, ఉల్లిపాయ వేసి ఉడికించి, జిగురునీటిని వార్చి, టొమాటో, కొత్తిమిర కలిపి తిందురు. గ్రుడ్లతో వేయించుటయు కలదు. బెండకాయ జిగురును నేర్పుగా విఱుచు మన యిల్లాండ్రకు ఈ వంట క్రొత్త విద్య కానేరదు. ఒక చిత్రము: ఈ మొక్క పగటివేళ ఆకురంధ్రములను మూసి, రాత్రివేళ గాలిని లోనికి గ్రహించి, పులుసుగా నిలువచేయును. అందువలన తెల్లవారుజామున కోసిన మట్ట పుల్లగానుండును. మధ్యాహ్నము దాటిన పిదప కోసినచో పులుపు తగ్గును. నీటిని ఇంత పొదుపుగా వాడుటకును ఇదియే కారణము.

పోషణమాట. నూఱు గ్రాముల పచ్చి నోపాలులో సుమారు 94 గ్రాములు నీరే. మాంసకృత్తులు ఒక గ్రామునకు కొంచెము పైగా, పీచు రెండు గ్రాములు, సున్నపు ధాతువు 160 మిల్లీగ్రాములకు పైన ఉండును. అయితే ఆ సున్నమును ఆక్సాలిక్ ఆమ్లము కొంత పట్టియుంచును గనుక అంతయు ఒంటబట్టదు. మూత్రపిండములలో రాళ్ళున్నవారు దీనిని మానుటయే మేలు. పండునందు సి విటమిను, పీచు కలవు. ఇది మునగాకునకు సాటియని ఎవరైన చెప్పినచో మేము ఒప్పుకొనము. కూరగాయలు దొరకని ఎండకాలమున పనికివచ్చు కూర, అంతే.

పండు రుచి మాకు చిన్ననాటినుండి తెలియును. పసుల కాపరులతో కలసి, పండ్లను గడ్డిలో పొరలించి నూగు రాల్చి, తొక్క చీల్చి తిని, ఎఱ్ఱబడిన నాలుకలతో ఇల్లు చేరి తిట్లు తినినవారము. ఆ నూగు ముళ్ళకంటె చెడ్డది. పెదవిలో దిగినచో రెండు దినములు బాధించును. విత్తులు గట్టివి. ఆశకొలది తిన్నవారికి మలబద్ధమగును. రసము పిండి, గుడ్డలో వడగట్టి, బెల్లము కలిపి త్రాగుట ఉత్తమము.

మన గట్లమీది జాతి ముళ్ళ మయము. దాని పండే తినదగినది. మట్టలు కావలసినచో ముళ్ళులేని రకమును నాటుకొనవలెను. బీడుభూములలో దానిని పెంచుటను కేంద్ర భూవనరుల శాఖ ప్రోత్సహించుచున్నది. అది మొదట పశువునకు, తరువాత మనకు అని మా సలహా. పశువునకైనను ఒంటిగా మేపరాదు, పేడ పలుచనగును. ఎండుగడ్డితో కలిపి పెట్టవలెను. ఎకరములకొలది వేయుడు, లక్షలు వచ్చునని చెప్పు వర్తకుల మాట మాత్రము వినకుడు. కొనువాడెవడో తెలిసిన పిమ్మటనే ఎకరమును తలపవలెను. అనంతపురమువంటి వానలు తక్కువైన సీమల రైతు గట్టున పది మొక్కలు వేసి చూచినచో నష్టములేదు. విఱిగిపడిన ప్రతి మట్టయు వేరూనును గనుక, కోత ముక్కలను పొలమున విడువక ఏరివేయవలెను. నాటుటకు కోసిన మట్టను వారము పదిదినములు నీడను ఆరనిచ్చి, గాయము మానిన పిదప పాతవలెను. పచ్చిగా పాతినది కుళ్ళును.