థర్మాకోల్ చార్మినార్ ఎవరు కట్టారు?

బడిలో చరిత్ర ప్రాజెక్టు ఇచ్చారంటే ఇంట్లో ఎవరికి పని పడుతుందో అందరికీ తెలిసిందే. స్టేషనరీ షాపు షట్టరు సగం దించేశాక కూడా థర్మాకోల్ షీటు కోసం బతిమాలేది నాన్న. మినార్లు కొలతేసి బ్లేడుతో కోసేదీ ఆయనే. నెట్‌లో దొరికిన నాలుగు పేరాలు ప్రింటు తీయించి, చార్టు అంచులకు చమ్కీ అద్దేది అమ్మ. పిల్లవాడు అప్పటికి నిద్రలో ఉంటాడు. తెల్లారేసరికి వాట్సాప్ స్టేటస్‌లో ఫొటో: ‘మావాడి ప్రాజెక్టు’.

ఆ మురిపాన్ని వెక్కిరించాల్సిన పనిలేదు. సోషల్ అంటే తేదీలు బట్టీ పట్టడమేనని పెరిగిన తరానికి, కన్నబిడ్డ నలుగురి ముందు నిలబడి కుతుబ్‌షాహీల గురించి మాట్లాడితే గొప్పగానే ఉంటుంది. చిక్కల్లా ఆ బొమ్మలో చరిత్ర ఎంతుందన్నదే. చార్మినార్‌ను 1591లో కట్టారన్న ముక్క పుస్తకంలో ఉండనే ఉంది. పిల్లవాడు కొత్తగా కనుక్కున్నది ఏమీ లేదు. అది చేతిపని. అదీ నాన్నది.

అమెరికాలో కాన్సాస్ రాష్ట్రంలో యూనియన్‌టౌన్ అని ఓ చిన్న ఊరుంది. 1999లో అక్కడి హైస్కూలు టీచరు నార్మన్ కోనార్డ్ చరిత్ర పోటీ కోసం తన విద్యార్థినులకు ఒక పాత పత్రిక కత్తిరింపు ఇచ్చారు. ఇరీనా సెండ్లర్ అనే పోలెండ్ మహిళ రెండో ప్రపంచయుద్ధ కాలంలో 2,500 మంది యూదు పిల్లలను కాపాడిందని అందులో ఉంది. ఆయనెప్పుడూ ఆ పేరు వినలేదు. అచ్చుతప్పేమో, కనుక్కోండి అన్నారు. ఆ అమ్మాయిలు తవ్వుకుంటూ పోయారు. ఆమె సమాధి ఎక్కడుందా అని వెతుకుతుంటే, వార్సాలో బతికే ఉన్నారని తెలిసింది. ఉత్తరాలు రాశారు, నాటకం కట్టారు, 2001లో వెళ్లి కలిశారు. యూదుల స్మారక సంస్థ యాద్ వషేమ్ ఆమెను 1965లోనే గౌరవించినా, ప్రపంచానికి పెద్దగా తెలియని ఆ పేరు ఈ బడిపిల్లల వల్లే మారుమోగింది. ఈ కథలో నాకు నచ్చేది పేరు మారుమోగడం కాదు, ‘అచ్చుతప్పేమో’ అన్న ఆ అనుమానం. ప్రాజెక్టు మొదలైంది అక్కడ.

అందుకు కాన్సాస్ దాకా పోనక్కర్లేదు. 1977 నవంబరు 19న ఉప్పెన మింగిన దివిసీమలో ఆ రాత్రిని చూసినవాళ్లు ఇంకా ఉన్నారు. అవనిగడ్డ వైపు ఏడో తరగతి పిల్ల ఒక నోటుపుస్తకం పట్టుకుని నాయనమ్మ దగ్గర కూర్చుందనుకోండి. అల తాటిచెట్టంత ఎత్తు లేచిందంటుంది ఆవిడ. రికార్డులు చూస్తే అయిదారు మీటర్లు అంటాయి. ఎవరిది నిజం? నాయనమ్మ అబద్ధం చెప్పిందా, భయం కొలిచిన ఎత్తు వేరా? ఆ రెండు మాటలనూ పక్కపక్కన పెట్టి ఆలోచించినప్పుడే ఆ పిల్ల చరిత్రకారుల పని చేస్తున్నట్టు. రెండు శతాబ్దాల కిందట ఈస్టిండియా కంపెనీ సర్వేయరు కర్నల్ మెకంజీ కోసం కావలి బొర్రయ్య, లక్ష్మయ్య సోదరులు చేసిన పని ఇలాంటిదే. ఊరూరా కరణాలనూ పెద్దలనూ అడిగి రాయించిన ఆ కైఫియత్తులే ఇవాళ ఎన్నో పల్లెలకు మిగిలిన పాత చరిత్ర.

అయితే అడగడం మొదలెట్టిన పిల్ల అక్కడితో ఆగదు. పాకల్లో ఉన్నవాళ్లే ఎందుకు ఎక్కువమంది పోయారు, మిద్దెలు ఎవరికి ఉన్నాయి, మన చేను ఎవరి దగ్గర కొన్నాం, తాతయ్య ఊరెందుకు వదిలాడు అని అడుగుతుంది. చార్మినార్ బొమ్మ ఎవరినీ ఇబ్బంది పెట్టదు. ఈ ప్రశ్నలు పెడతాయి. ‘నీకెందుకే ఇవన్నీ, పాఠం చదువుకో’ అనే ఇళ్లే ఎక్కువ. పిల్లల ప్రాజెక్టు చూసి పొంగిపోవడం తేలిక, పిల్లల ప్రశ్నకు జవాబివ్వడం కష్టం. నా దృష్టిలో రెండోది చేసిన తల్లిదండ్రులకే స్టేటస్ పెట్టుకునే హక్కు.

తప్పంతా ఇళ్లదే అనలేం. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ నిర్మాణాత్మక మూల్యాంకనంలో ప్రాజెక్టు పనికి మార్కులున్నాయి. అవి మెరుపుకే పడుతున్నంతకాలం నాన్నలు బ్లేడు వదలరు. పైగా థర్మాకోల్‌కూ కలర్ ప్రింట్లకూ డబ్బు పెట్టలేని కూలీ తల్లి బిడ్డ, ఎంత తెలివైనదైనా, వెనక వరుసలోనే నిలబడుతుంది. నాయనమ్మతో మాట్లాడటానికి పైసా ఖర్చు లేదు. ఈ పద్ధతిలో ఆ బిడ్డకు అన్యాయం జరగదు.

సోషల్ టీచర్లు ఈ ఏడాది ఒక్క మార్పు చేసి చూడాలి. చార్టుతో పాటు, ఎవరిని అడిగారు, వాళ్లేం చెప్పారు, ఎక్కడ అనుమానం వచ్చింది అన్నది పిల్లల సొంత దస్తూరీలో ఒక పేజీ రాయించాలి. సగం మార్కులు ఆ పేజీకే వేయాలి. ప్రదర్శనకు వచ్చే తల్లిదండ్రులు ఫొటో తీసుకునే ముందు ఆ పేజీ చదవాలి.